ఏడాదిన్నర పాపకి ఏ ట్యాబ్ బెస్ట్? నా ఆన్సర్ మారిపోయింది

నాకు వారానికి కనీసం రెండుసార్లు ఒక మెసేజ్ వస్తుంది. మాటలు మారతాయి గానీ ప్రశ్న ఒకటే. "బ్రో, మా పాపకి ఏడాదిన్నర. 12 వేల లోపు మంచి ట్యాబ్ ఏదైనా చెప్పు. జస్ట్ రైమ్స్ చూడటానికే."

మొన్నమొన్నటి దాకా నేను ఠక్కున చెప్పేసేవాడిని. 8 లేదా 9 అంగుళాల డిస్‌ప్లే చాలు, కిడ్స్ మోడ్ ఉండాలి, 4 జీబీ ర్యామ్ అయినా లేకపోతే లాగ్ అవుతుంది, బ్లూ లైట్ తగ్గించే ఆప్షన్ చూసుకోండి, రబ్బర్ కేస్ మాత్రం తప్పనిసరి... ఇలా. అడిగినవాళ్లు థ్యాంక్స్ చెప్పేవాళ్లు. నేనూ మంచి సలహానే ఇచ్చాననుకునేవాడిని.

ఇప్పుడు ఆ ప్రశ్నకి నా దగ్గర మోడల్ నంబర్ లేదు. ఎందుకు లేదో చెప్పడానికే ఈ ఆర్టికల్. ఇది స్పెక్స్ రివ్యూ కాదు, నా అభిప్రాయం. అయితే ఫోన్ గురించి రాసేటప్పుడు బెంచ్‌మార్క్ స్కోర్లు ఎలా చూస్తామో, ఇక్కడా ప్రయోగాల్లో ఏం తేలిందో చూశాకే మాట్లాడుతున్నా.

మా ఇంట్లో జరిగింది

ట్యాబ్ ఇచ్చింది నేనే. మా అక్క కొడుక్కి పది నెలలప్పుడు, రివ్యూ కోసం కొన్న ట్యాబ్ ఒకటి ఖాళీగా పడుంటే, రైమ్స్ వీడియోలన్నీ ప్లేలిస్ట్ చేసి, స్టాండ్‌తో సహా అక్క చేతికిచ్చా. అక్క, బావ ఇద్దరివీ ఉద్యోగాలు. "ఒరేయ్, అన్నం తినిపించడానికి గంట పట్టేదిరా, ఇప్పుడు పది నిమిషాల్లో అయిపోతోంది" అని అక్క ఫోన్ చేసి మరీ చెప్పింది.

ఏడాదిన్నర దాటేసరికి వాడు ఏ నుంచి జెడ్ దాకా గడగడా చెప్పేవాడు. స్క్రీన్ మీద ఎర్ర బంతి కనిపిస్తే "రెడ్" అనేవాడు, అదీ అమెరికా యాసలో. అందరం మురిసిపోయాం. నేనైతే వీడియో తీసి స్టేటస్ కూడా పెట్టా. కానీ దాహం వేస్తే "నీళ్లు" అనేవాడు కాదు. అమ్మ చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళ్లేవాడు. రెండేళ్లు నిండాక ఓ రోజు కూర్చుని, అవసరం కోసం వాడు సొంతంగా వాడే మాటలు లెక్కపెడితే ఎనిమిది వచ్చాయి. "మగపిల్లలకి మాటలు లేటుగానే వస్తాయిలే" అంది మా అమ్మ. బావ వాళ్ల అమ్మగారు కూడా అదే మాట.

పిల్లల డాక్టర్ దగ్గరికి నేనూ వెళ్లా. ఆయన ముందు వినికిడి పరీక్ష రాశారు. వినికిడి బాగానే ఉంది. తర్వాత అడిగారు, "రోజుకి స్క్రీన్ ఎంతసేపు?" అని. "గంట, గంటన్నర ఉంటుందేమో డాక్టర్ గారూ" అంది అక్క. అబద్ధం కాదు, తను నిజంగానే అలా అనుకుంటోంది. ట్యాబ్ మా బ్యాగ్‌లోనే ఉంది. నేను డిజిటల్ వెల్‌బీయింగ్ ఓపెన్ చేశా. ఆ వారంలో ఒక్క రోజు కూడా నాలుగు గంటలకి తగ్గలేదు. ఆదివారం 5 గంటల 40 నిమిషాలు. ఎవరం ఏమీ మాట్లాడలేదు. "ఈ ఫీచర్ అసలు ఎవరు ఓపెన్ చేస్తారు?" అని రివ్యూల్లో జోకులేసినవాడిని నేనే.

ఒక మాట ముందే చెప్పేస్తా. ఒక్క పిల్లాడి కథ డేటా కాదు. మాటలు ఆలస్యం కావడానికి ట్యాబే కారణమని డాక్టర్ అనలేదు, నేనూ అనను. కానీ ఆ నాలుగు గంటల్లో వాడికి ఏం దక్కలేదో తెలుసుకోవాలనిపించింది. అందుకే చదవడం మొదలుపెట్టా.

'పాట'కీ 'పాత'కీ తేడా ఎప్పుడు తెలుస్తుంది?

'పాట', 'పాత' అనండి. మనకి తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఇంగ్లిష్ మాత్రమే వింటూ పెరిగినవాళ్లలో చాలామందికి ఆ 'ట', 'త' రెండూ ఒకేలా వినిపిస్తాయి. చెవిలో లోపమేమీ లేదు. మెదడు చిన్నప్పుడే ఆ తేడాని పక్కన పెట్టేసింది, అంతే.

కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే సైకాలజిస్టులు 1984లో దీన్నే పరీక్షించారు. వాడిన శబ్దాలు హిందీవి, సరిగ్గా మన ట-త లాంటి జంట. ఇంగ్లిష్ ఇళ్లలో పుట్టిన 6 నుంచి 8 నెలల పిల్లల్లో దాదాపు అందరూ ఆ తేడా పట్టేశారు. అదే ఇళ్లలోని 10 నుంచి 12 నెలల పిల్లల్లో ఎక్కువమంది పట్టలేకపోయారు. అంటే ఇంకా ఒక్క మాట కూడా సరిగ్గా రాని వయసులోనే, చుట్టూ ఏ శబ్దాలు వినపడుతున్నాయో వాటిని ఉంచుకుని మిగతావి తగ్గించేసుకునే పని మొదలైపోయింది.

మన భాషలో చెప్పాలంటే, పుట్టినప్పుడు అన్ని దేశాల బ్యాండ్స్‌కీ సపోర్ట్ ఉన్న ఫోన్ లాంటిది ఆ మెదడు. ఏ నెట్‌వర్క్‌లో తిరుగుతోందో చూసి, ఏడాది తిరిగేసరికి దానికి తగ్గట్టు ట్యూన్ అయిపోతుంది. పెద్దయ్యాక వేరే భాష నేర్చుకోలేమని కాదు. నేర్చుకుంటాం, కానీ ఆ శ్రమ వేరు. మనలో హైస్కూల్ తర్వాత ఇంగ్లిష్ మాట్లాడటం మొదలుపెట్టినవాళ్లకి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఒకే కంటెంట్, రెండు రిజల్ట్స్

నన్ను బాగా ఆలోచింపజేసింది ఈ ప్రయోగం. 2003లో వాషింగ్టన్ యూనివర్సిటీలో ప్యాట్రీషియా కూల్ బృందం చేసింది. తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలు, ఇంట్లో ఇంగ్లిష్ తప్ప ఇంకేమీ వినరు. వాళ్లకి 12 సెషన్లలో చైనా వాళ్ల మాండరిన్ భాష వినిపించారు. ఒక గ్రూప్‌లో మాండరిన్ మాట్లాడే మనిషి ఎదురుగా కూర్చుని పుస్తకాలు చదివి, బొమ్మలతో ఆడించారు. ఇంకో గ్రూప్‌కి అవే మనుషులు, అవే పుస్తకాలు, అవే బొమ్మలు, కాకపోతే వీడియోలో. మరో గ్రూప్‌కి ఆడియో మాత్రమే.

మనిషి ఎదురుగా ఉన్న గ్రూప్, మాండరిన్ శబ్దాల్లో తేడాని తైవాన్‌లో పుట్టి పెరిగిన పిల్లలంత బాగా పట్టింది. వీడియో గ్రూప్, ఆడియో గ్రూప్? మాండరిన్ అసలు విననివాళ్లకీ వీళ్లకీ తేడా లేదు.

ఒక రివ్యూయర్‌గా నాకు ఇది పెద్ద దెబ్బ. కంటెంట్ సేమ్. మాట్లాడే మనిషి సేమ్. సమయం దాదాపు సేమ్. మారింది ఒక్కటే, మధ్యలో స్క్రీన్ వచ్చింది. దీన్ని ఇంకాస్త మంచి డిస్‌ప్లేతోనో, డాల్బీ స్పీకర్లతోనో సరిచేయలేం. "ఎడ్యుకేషనల్ కంటెంటే కదా" అనే మాట కూడా ఇక్కడ నిలబడదు. ఈ వయసులో ఏం చూపిస్తున్నాం అన్నది రెండో ప్రశ్న. ఎదురుగా ఎవరున్నారు అన్నది మొదటిది.

మార్కెట్ ఈ పాఠం ఒకసారి చూసింది కూడా. చంటిపిల్లల కోసమంటూ అమ్మిన 'బేబీ ఐన్‌స్టీన్' డీవీడీలు అమెరికాలో ఒకప్పుడు ఇంటింటా ఉండేవి. విమర్శలు ముదిరాక, 2009లో డిస్నీ కొన్నవాళ్లకి డబ్బు వాపస్ ఆఫర్ చేసింది. డీవీడీలు పోయాయి, యాప్‌లు వచ్చాయి, బాక్స్ మీద రాసే మాటలు మాత్రం అలాగే ఉన్నాయి.

అసలు స్పెక్: తిరిగి జవాబు రావడం

అలాగని స్క్రీన్ అంటేనే విషం అని నేను అనడం లేదు. 2014లో వచ్చిన ఇంకో అధ్యయనం చూడండి. రోజ్‌బెర్రీ, హెర్ష్-పాసెక్, గోలింకాఫ్ అనే ముగ్గురు పరిశోధకులు రెండు, రెండున్నరేళ్ల పిల్లలకి కొత్త మాటలు నేర్పించారు. ఎదురుగా కూర్చుని నేర్పితే నేర్చుకున్నారు. వీడియో కాల్‌లో నేర్పినా నేర్చుకున్నారు! వేరే పిల్లాడితో మాట్లాడిన కాల్ రికార్డింగ్ చూపిస్తే మాత్రం నేర్చుకోలేదు.

అంటే సమస్య గాజు పలకది కాదు. పిల్ల నవ్వితే అవతల మనిషి నవ్వాలి, "ఊఁ" అంటే "ఏంటమ్మా?" అనాలి, వేలు చూపిస్తే అటు చూసి "అది కాకి" అనాలి. వీడియో కాల్ ఆ పని చేస్తుంది. రైమ్ వీడియో చేయదు. పిల్ల పక్కకి తిరిగినా, ఏడ్చినా, నిద్రపోయినా అది పాడుకుంటూనే పోతుంది.

దీన్ని కొలిచే గ్యాడ్జెట్ కూడా ఉంది. 'లీనా' అని చిన్న రికార్డర్, పిల్లల చొక్కా జేబులో పెడతారు. రోజంతా రికార్డ్ చేసి, పెద్దలు ఎన్ని మాటలన్నారు, పిల్ల ఎన్నిసార్లు పలికింది, ఇద్దరి మధ్య మాట ఎన్నిసార్లు అటూ ఇటూ మారింది అని సాఫ్ట్‌వేర్ లెక్క తీస్తుంది. రేచెల్ రోమియో బృందం 2018లో 4 నుంచి 6 ఏళ్ల పిల్లలు 36 మందికి ఇది పెట్టి, తర్వాత కథలు వినిపిస్తూ మెదడు స్కాన్ చేసింది. సంభాషణ ఎక్కువ సాగిన పిల్లల్లో, భాషకి కీలకమైన బ్రోకా ప్రాంతం ఎక్కువ చురుగ్గా కనిపించింది. ఇంటి ఆదాయాన్ని, విన్న మొత్తం మాటల సంఖ్యని పక్కన పెట్టి చూసినా ఫలితం అదే. పిల్ల చెవిలో ఎన్ని మాటలు పోశాం అన్నదానికంటే, తనతో ఎన్నిసార్లు మాట కలిపాం అన్నదే లెక్కలోకి వచ్చింది.

మన అమ్మమ్మలు ఈ పేపర్లు చదవలేదు. కానీ చంకనేసుకుని చందమామని చూపిస్తూ గోరుముద్దలు పెట్టడం, "బువ్వ తిందామా? లాల పోసుకుందామా? బజ్జుందామా?" అని సాగదీసి అడిగి, వాడు "ఊఁ" అనేదాకా ఆగడం ఇదే కదా. అన్నం తినిపించడానికి పట్టే ఆ గంట వేస్ట్ అనుకుని నేను ట్యాబ్‌తో పది నిమిషాలకి దించా. ఆ గంట వాడికి క్లాస్ అని నాకు తెలియదు.

స్క్రీన్ లేని చోట ఏమైంది?

స్క్రీన్ల సంగతి పూర్తిగా వదిలేసి చూద్దాం. రొమేనియాలో చావుషెస్కు కాలం నాటి అనాథాశ్రమాల్లో వేలమంది పిల్లలు పెరిగారు. తిండి, బట్ట, పడక ఉండేవి. కానీ ఒక్కో ఆయా చేతి కింద ఎంతోమంది పిల్లలు. ఎత్తుకుని కబుర్లు చెప్పేవాళ్లు లేరు. చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే పరిశోధకులు అక్కడ 136 మంది పిల్లల్ని ఎంచుకుని, లాటరీ పద్ధతిలో కొందరిని పెంపుడు కుటుంబాల్లోకి పంపి, ఏళ్ల తరబడి గమనించారు. 15 నెలలు నిండేలోపు కుటుంబంలోకి వెళ్లినవాళ్లు తర్వాత మాటల్లో తోటి పిల్లలతో సమానంగా వచ్చారు. రెండేళ్లు దాటాక వెళ్లినవాళ్లలో మాత్రం ఆశ్రమంలోనే ఉన్నవాళ్లంత ఆలస్యం కనిపించింది.

మన ఇళ్లని వాటితో పోల్చడం లేదు, పోల్చకూడదు కూడా. నేను చెప్పేది ఒక్కటే. అక్కడ ట్యాబ్ లేదు, రీల్స్ లేవు. అయినా మాట రాలేదు, ఎందుకంటే మాట కలిపే మనిషి లేడు. పిల్లలకి కావాల్సిన 'వాతావరణం' అంటే ఆ మనిషే.

"కానీ బ్రో..." అనేవాళ్లకి

నాకు వచ్చే కౌంటర్లు తెలుసు. ఒక్కొక్కటి చూద్దాం.

"కోరిలేషన్ అంటే కారణం కాదు కదా?" కరెక్ట్. స్క్రీన్ టైమ్ మీద వచ్చే స్టడీల్లో చాలావరకు కలిసి కనిపించే విషయాల్ని చెప్పేవే. ఒకప్పుడు బాగా ప్రచారమైన '3 కోట్ల మాటల తేడా' లెక్క కూడా అలాంటిదే. 1995లో హార్ట్, రిస్లీ అనేవాళ్లు 42 కుటుంబాల్ని చూసి, పేద ఇళ్ల పిల్లలు అన్ని మాటలు తక్కువ వింటారన్నారు. తర్వాతి పరిశోధకులు ఆ సంఖ్యని గట్టిగానే ప్రశ్నించారు. అందుకే నేను పైన ఎక్కువగా నిజమైన ప్రయోగాలనే ఎంచుకున్నా. వాటిలో గ్రూపులు వేసి పోల్చారు.

"ఫోన్ చూస్తే ఆటిజం వస్తుందట?" దయచేసి ఈ ఫార్వర్డ్ ఆపండి. ఆటిజం పుట్టుకకి ముందు నుంచే మొదలయ్యే ఎదుగుదల తేడా. జన్యువుల పాత్ర చాలా ఎక్కువ. 'వర్చువల్ ఆటిజం' అనేది డాక్టర్లు వాడే అధికారిక రోగనిర్ధారణల్లో లేదు. ఈ మాట వల్ల అసలే కష్టంలో ఉన్న తల్లులు తమని తాము తిట్టుకుంటున్నారు. ఇంకో ప్రమాదం, "ఫోన్ ఆపేశాం, తగ్గిపోతుందిలే" అని చూపించాల్సిన పిల్లల్ని చూపించకుండా ఉండిపోతున్నారు.

"ఇప్పుడు ఏఐ బొమ్మలు తిరిగి మాట్లాడుతున్నాయిగా?" మంచి ప్రశ్న. 2024లో న్యూయార్క్ యూనివర్సిటీ వాళ్లు ఒక చంటిపిల్లాడి తలకి కెమెరా పెట్టి, 6 నుంచి 25 నెలల వయసు మధ్య తీసిన 61 గంటల వీడియోతో ఏఐ మోడల్‌ని ట్రైన్ చేస్తే, అది కొన్ని మాటల్ని వస్తువులతో జత చేయగలిగింది. నిజంగా అద్భుతం. కానీ ఇక్కడ ఒక లెక్క చూడండి. మెటా లామా 3ని ట్రైన్ చేసింది 15 లక్షల కోట్లకి పైగా టోకెన్లతో. ఒక పిల్లాడు పదమూడేళ్లు వచ్చేలోపు వినే మాటలు 10 కోట్ల లోపేనని పరిశోధకుల అంచనా. అంత తక్కువ డేటాతో వాడు భాష నేర్చేసుకుంటున్నాడంటే, డేటాతో పాటు ఇంకేదో అందుతోంది. చూపు, స్పర్శ, ఒకే వస్తువుని ఇద్దరూ కలిసి చూడటం. బొమ్మ జవాబిస్తుంది సరే, పిల్లాడు వేలు చూపించిన కాకిని అది చూస్తుందా? ఏడాది పిల్లల మీద అలాంటి బొమ్మని టెస్ట్ చేయడానికి నేనైతే మా ఇంటి పిల్లల్ని ఇవ్వను.

"ఇద్దరం జాబ్ చేస్తాం, అమ్మమ్మలు ఊళ్లో ఉన్నారు, ఏం చేయమంటావ్?" దీనికి నా దగ్గర తెలివైన సమాధానం లేదు. మా అక్కది ఇదే పరిస్థితి. వంట అయ్యేదాకా ఓ ఇరవై నిమిషాలు ట్యాబ్ పెట్టిన తల్లిని తప్పుపట్టే హక్కు, మూడు పూటలా ఫోన్ చూస్తూ అన్నం తినే నాకు లేదు.

పిల్లల చేతిలో ఫోన్ కంటే మన చేతిలో ఫోన్

అసలు విషయం ఇక్కడుంది. 2017లో ఒక ప్రయోగంలో, అమ్మలు తమ రెండేళ్ల పిల్లలకి రెండు కొత్త మాటలు నేర్పాలి. ఒక మాట నేర్పేటప్పుడు మధ్యలో ఫోన్ మోగింది, అమ్మ కాల్ మాట్లాడి మళ్లీ కొనసాగించింది. రెండో మాటకి ఆటంకం లేదు. రెండు మాటలూ అన్నేసిసార్లే విన్నా, ఆటంకం లేని మాటే పిల్లలకి వచ్చింది.

2024లో ఆస్ట్రేలియాలో 220 కుటుంబాల మీద వచ్చిన స్టడీ కూడా ఇటువైపే చూపిస్తోంది. మూడేళ్ల వయసులో ప్రతి అదనపు స్క్రీన్ నిమిషానికి, పిల్లలు పెద్దల నోట వినే మాటలు సుమారు 7, వాళ్లు పలికేవి 5, ఇద్దరి మధ్య మాట మారడం 1 చొప్పున తగ్గాయి. నిమిషానికి ఏడంటే చిన్నదే. గంటకి లెక్కేసుకోండి.

నేను అక్క వాళ్లింటికి వెళ్లి వాడి పక్కన కూర్చుని కొత్త ఫోన్ కెమెరా టెస్ట్ చేసిన సాయంత్రాలు ఎన్నో. వాడు "మా... మా..." అంటూ చొక్కా లాగితే, "ఆగరా, ఒక్క నిమిషం" అనడం గుర్తుంది. వాడి ఎనిమిది మాటల్లో నా పేరు ఒకటి. దానికి నేనిచ్చిన రిప్లై అది.

ఇప్పుడు నేను చెప్పే సెట్టింగ్స్

రెండేళ్ల లోపు వీడియోలు వద్దు. తాతయ్య, నానమ్మలతో వీడియో కాల్ ఓకే. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్పేదీ ఇదే. రెండు నుంచి ఐదేళ్ల మధ్య గంట మించొద్దు, అదీ పక్కన కూర్చుని మాట్లాడుతూ. డాలస్‌లో ఉన్న మనవరాలితో గుంటూరు నుంచి మాట్లాడే అమ్మమ్మకి ఆ ఫోన్ వరమే. కాల్‌ని టీవీకి కనెక్ట్ చేయండి, చేతులు ఖాళీగా ఉంటాయి, ఆడుకోవచ్చు.

చూపించాల్సి వస్తే ఆటోప్లే ఆఫ్ చేయండి. యాప్ టైమర్ పెట్టండి. వారానికోసారి డిజిటల్ వెల్‌బీయింగ్ చూడండి, మీ అంచనా తప్పని తెలుస్తుంది. ఎవరూ చూడని టీవీని ఆపేయండి.

సాయంత్రం ఓ గంట మీ ఫోన్‌కే డు నాట్ డిస్టర్బ్ పెట్టి వేరే గదిలో వదిలేయండి. పిల్లల మోడ్ కంటే ఇది ముఖ్యం.

ఇంట్లో తెలుగు వస్తే తెలుగులోనే మాట్లాడండి. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆగిపోవు. మీకు బాగా వచ్చిన భాషలోనే మీరు జోకులేస్తారు, కథలు చెబుతారు, గదమాయిస్తారు. పిల్లలకి కావాల్సింది ఆ సహజమైన మాటే. స్పీచ్ థెరపిస్ట్ గారు మాకు నేర్పిన ట్రిక్ ఒకటుంది. ఏదైనా అడిగాక మనసులో ఐదు లెక్కపెట్టి ఆగండి. మనం తొందరపడి జవాబు కూడా మనమే చెప్పేస్తాం. ఆ ఐదు సెకన్లే పిల్లల వంతు.

రెండేళ్లకి "అమ్మ రా", "పాలు ఇవ్వు" లాంటి రెండు మాటలు కలపకపోతే, పిలిస్తే పలకకపోతే వెయిట్ చేయొద్దు. ముందు వినికిడి పరీక్ష చేయించండి. ప్రభుత్వ ఆర్‌బీఎస్‌కే పథకం కింద జిల్లా స్థాయి డీఈఐసీ కేంద్రాల్లో పిల్లల ఎదుగుదల సమస్యల్ని ఉచితంగా చూస్తారు.

ఫైనల్‌గా

మా వాడికి ఇప్పుడు మూడున్నర. ట్యాబ్ తీసేసిన మొదటి వారం ఇల్లు పీకి పందిరేశాడు. ఏడాదిన్నరగా థెరపీ నడుస్తోంది. మా అమ్మ వచ్చి ఆరు నెలలుంది. దేనివల్ల ఎంత మేలు జరిగిందో విడదీసి చెప్పలేను. 'ర' ఇంకా సరిగ్గా పలకదు. కానీ పోయిన నెల నేను అక్కడున్నప్పుడు రాత్రి పవర్ పోతే, చీకట్లో నా మోకాలు పట్టుకుని "మామా, కలెంట్ పోయింది" అన్నాడు. అంత మాట వాడు నాతో అనడం అదే మొదటిసారి. నేను "అవున్రా, ఎక్కడికి పోయింది?" అని అడిగి, ఐదు లెక్కపెట్టా.

"ఊలికి" అన్నాడు.

సో, ఏడాదిన్నర పాపకి 12 వేల లోపు ఏ ట్యాబ్ అని అడిగిన బ్రోకి నా జవాబు: ఇప్పుడేమీ కొనకు. ఆ డబ్బుతో నాలుగు బొమ్మల పుస్తకాలు, ఒక బంతి కొను. మిగిలింది దాచుకో. పాప ఏం మాట్లాడిందో ఓ నెల తర్వాత నాకు మెసేజ్ పెట్టు. ఆ మెసేజ్‌కి మాత్రం వెంటనే రిప్లై ఇస్తా.